అలవాటైన లయను వదిలి

విజయం గుమ్మంలో నిలబడి తలుపు తడుతున్నప్పుడు ఎవరైనా ఎదురెళ్లి లోపలికి పిలుస్తారు. బిల్ బ్రూఫర్డ్ మాత్రం పెరటి దారిన వెళ్లిపోయారు. ఇది 1972 జులై నాటి మాట. అప్పుడాయనకు 23 ఏళ్లు. ఆయన డ్రమ్స్ వాయిస్తున్న ఇంగ్లండ్ రాక్ బృందం 'యెస్' అమెరికాలో అప్పుడప్పుడే జెండా పాతుతోంది. 'రౌండెబౌట్' అనే పాట అక్కడి రేడియోల్లో మోగిపోతోంది. తర్వాతి ఆల్బమ్ 'క్లోజ్ టు ది ఎడ్జ్' రికార్డింగ్ పూర్తయింది. అది సెప్టెంబర్‌లో మార్కెట్లోకి రావాలి, అంతకంటే ముందే అమెరికా పర్యటన. సరిగ్గా ఆ సమయంలో ఆయన తాను వెళ్లిపోతున్నానని చెప్పి, డబ్బు తక్కువ, భవిష్యత్తుకు భరోసా అంతకంటే తక్కువ ఉన్న 'కింగ్ క్రిమ్సన్'లో చేరిపోయారు. అందుకు మూల్యమూ చెల్లించారు. పరిహారం కింద 10,000 డాలర్లు కట్టాల్సి వచ్చింది. తాను వాయించిన ఆల్బమ్‌పై వచ్చే రాయల్టీలో, తన స్థానంలోకి వచ్చిన వ్యక్తికి వాటా ఇవ్వాల్సి వచ్చింది.

ఆ వచ్చిన వ్యక్తి అలన్ వైట్. జాన్ లెనన్ 'ఇమాజిన్' పాటలో వినిపించే డ్రమ్స్ ఆయనవే. వంకర టింకర లయలతో నిండిన యెస్ పాటలన్నీ నేర్చుకోవడానికి ఆయనకు చిక్కింది మూడు రోజులు. నాలుగో రోజుకల్లా అమెరికాలో వేదిక మీద ఉన్నారు. అలా ఆదరాబాదరాగా వచ్చిన వైట్ 2022 మేలో కన్నుమూసే వరకూ, అంటే దాదాపు 50 ఏళ్లు, ఆ బృందాన్ని వదల్లేదు. ఒకే కుర్చీలో కూర్చున్న ఇద్దరిలో ఒకరు నాలుగేళ్లలో లేచి వెళ్లిపోయారు, మరొకరు జీవితమంతా అక్కడే గడిపారు. విచిత్రం ఏమిటంటే, రాక్ సంగీతాభిమానులు ఇద్దరినీ బహుముఖ ప్రజ్ఞావంతులనే అంటారు.

ఆ మాటకు రెండు అర్థాలున్నాయి. ఎవరు పిలిచినా వెళ్లి, ఏది అడిగినా వాయించి, చెక్కు తీసుకుని ఇంటికి వచ్చేయగలగడం ఒకటి. లండన్, లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో అలాంటి మొనగాళ్లు చాలామందే ఉన్నారు. అది చిన్న విద్యేమీ కాదు. బ్రూఫర్డ్‌ది రెండో రకం. తనకు వాయించడం బాగా వచ్చేసిన చోటు నుంచి, ఏం వాయించాలో తెలియని చోటికి పనిగట్టుకుని వెళ్లడం. మొదటి రకం ప్రజ్ఞ డబ్బు సంపాదించి పెడుతుంది. రెండోది తరచూ ఖర్చు పెట్టిస్తుంది. డబ్బే కాదు, స్నేహాలనూ ధైర్యాన్నీ కూడా.

1949 మే 17న కెంట్ కౌంటీలోని సెవెనోక్స్‌లో ఒక పశువైద్యుడి ఇంట్లో పుట్టిన ఈ కుర్రాడికి మొదట చేతికొచ్చింది కర్రలు కాదు, బ్రష్‌లు. పుట్టినరోజుకు అక్క కొనిచ్చిన ఆ తీగల బ్రష్‌లతో గ్రామఫోన్ రికార్డు అట్టల మీద రాస్తే స్నేర్ డ్రమ్ లాంటి చప్పుడొస్తుందని ఎవరో చెప్పారు. ఇక టీవీలో జాజ్ కార్యక్రమం వస్తే చాలు, అట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. తెర మీద కనిపించే వాళ్లంతా అమెరికన్ జాజ్ మహామహులు. మ్యాక్స్ రోచ్, ఆర్ట్ బ్లేకీ, జో మొరెలో వంటి వాళ్లు ఆయన ఆరాధ్యదైవాలయ్యారు. తర్వాత రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాకు చెందిన ఒక వాద్యకారుడి దగ్గర కొన్ని పాఠాలు నేర్చుకున్నారు. అంతకు మించి శాస్త్రీయమైన శిక్షణ పెద్దగా లేదు.

జో మొరెలో పేరు దగ్గర మన పాఠకులు ఓ క్షణం ఆగాలి. ఐదు మాత్రల 'టేక్ ఫైవ్'తో ప్రపంచాన్ని తల ఊపించిన డేవ్ బ్రూబెక్ బృందంలో డ్రమ్మర్ ఆయనే. ఆ రికార్డు రావడానికి ఏడాది ముందు, 1958లో, అమెరికా ప్రభుత్వం పంపిన సాంస్కృతిక పర్యటనలో భాగంగా ఆ బృందం భారత్‌కు వచ్చింది. మద్రాసు కూడా చూసింది. నాలుగు మాత్రలు దాటి లెక్కపెట్టడం అలవాటు లేని పాశ్చాత్య జనరంజక సంగీతంలోకి ఐదు, ఏడు, తొమ్మిది వచ్చి చేరిన దారుల్లో ఆ బృందానిది ప్రధానమైనది. ఖండ చాపు, మిశ్ర చాపు వింటూ పెరిగిన చెవికి ఇందులో వింతేమీ కనిపించదు. కర్ణాటక కచేరీకి వెళ్లే సగటు శ్రోత ఏడు మాత్రలను తొడ మీద అలవోకగా వేస్తాడు. అందుకే యెస్ పాటల్లో అంకెల చిక్కుముళ్లు చూసి పాశ్చాత్య అభిమానులు అబ్బురపడితే మనకు కాస్త నవ్వొస్తుంది. బ్రూఫర్డ్ గొప్పతనం ఆ లెక్కల్లో లేదు. బేసి మాత్రల్లోనూ కాళ్లు తడబడకుండా నడిపించడంలో, అందరూ దెబ్బ పడుతుందనుకున్న చోట ఖాళీ వదిలి, ఎవరూ అనుకోని చోట స్నేర్ మోగించడంలో ఉంది.

ఆ స్నేర్ చప్పుడే ఆయన సంతకం. కర్ర ఏకకాలంలో చర్మానికీ అంచుకూ తగిలేలా కొట్టే రిమ్ షాట్ అది. టప్పుమని కాకుండా, రాగి బిందె మీద గోటితో మీటినట్టు ఖంగుమంటుంది. రాక్ డ్రమ్స్ అంటే బరువుగా, లావుగా ఉండాలనుకునే రోజుల్లో ఆయన సన్నగా, ఎత్తుగా మోగించారు. యాభై ఏళ్ల కిందటి రికార్డులోనైనా రెండు సెకన్లు వింటే ఎవరు వాయిస్తున్నారో చెప్పేయొచ్చు.

యెస్‌లోకి రావడం కూడా ఒక పత్రికా ప్రకటన పుణ్యమే. పని కావాలంటూ 'మెలడీ మేకర్'లో ఆయన ఇచ్చిన ప్రకటన చూసి గాయకుడు జాన్ ఆండర్సన్, బాస్ గిటారిస్టు క్రిస్ స్క్వైర్ పిలిపించారు. 1968 వేసవిలో బృందం మొదలైంది. శరదృతువు రాగానే బుద్ధిమంతుడిలా లీడ్స్ యూనివర్సిటీలో ఎకనామిక్స్ చదవడానికి వెళ్లిపోయారు. ఎక్కువ రోజులు నిలవలేదు. అదే ఏడాది నవంబర్ 26న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో 'క్రీమ్' బృందం వీడ్కోలు కచేరీకి ముందు వాయించే అవకాశం యెస్‌కు దక్కినప్పుడు డ్రమ్స్ వెనక 19 ఏళ్ల బ్రూఫర్డే ఉన్నారు. వీడ్కోలు చెబుతున్న జింజర్ బేకర్ లాంటి దిగ్గజం వెనక గదిలో ఉండగా వాయించడమంటే ఆ వయసులో ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

తర్వాతి నాలుగేళ్లలో ఐదు ఆల్బమ్‌లు. 1971 నాటి 'ఫ్రెజైల్'లో సభ్యులందరూ తలో ముక్క సొంతంగా పెట్టుకున్నారు. మిగతా వాళ్లు తమ నైపుణ్యం ప్రదర్శించుకునే వీలు చూసుకుంటే, బ్రూఫర్డ్ 35 సెకన్లలో ముగిసిపోయే చిన్న రచన చేసి ఊరుకున్నారు. దానికి పెట్టిన పేరు 'ఫైవ్ పర్ సెంట్ ఫర్ నథింగ్'. పని చేయకుండానే ఐదు శాతం అన్నమాట. బృందం ఆదాయ వ్యవహారాల మీద ఓ చురక అది.

'క్లోజ్ టు ది ఎడ్జ్' రికార్డింగ్ నాటికి ఆయన సహనం నశించింది. ఒక పక్క అంతటినీ ఆక్రమించిన ఆ 18 నిమిషాల పాటను ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి అతికించారు. ఒక్కో ముక్క దగ్గర గంటల తరబడి వాదనలు. స్క్వైర్ మిక్సింగ్ డెస్క్ ముందు కూర్చుని మీటలు సరిచేస్తుండగా తాను సోఫాలో నిద్రపోయాననీ, కొన్ని గంటల తర్వాత లేచి చూస్తే ఆయన అదే భంగిమలో అదే పనిలో ఉన్నారనీ బ్రూఫర్డ్ చెప్పేవారు. ఇందులో స్క్వైర్ తప్పేమీ లేదు. ఆ మొండి ఓపిక లేకపోతే ఆ ఆల్బమ్ అంత నిగ్గుతేలేది కాదు. కానీ జాజ్ చూస్తూ పెరిగిన వాడికి సంగీతమంటే ఆ క్షణంలో పుట్టేది. దాన్ని శిల్పంలా ఉలితో చెక్కడం ఆయనకు ఊపిరాడనివ్వలేదు. పైగా ఆ ఆల్బమ్‌తో తాను చేయగలిగిందంతా చేసేశానని, ఇక అక్కడ ఉంటే చేసిందే చేస్తుంటానని ఆయనకు అనిపించింది. 23 ఏళ్ల వయసులో అలా అనిపించడం అహంకారమా, ముందుచూపా? రెండూ కొంత కొంత ఉన్నాయనుకోవచ్చు.

కింగ్ క్రిమ్సన్‌లో గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ మాటే శాసనం. ఆయన ఏం వాయించాలో చెప్పరు, ఏం వాయించకూడదో కళ్లతోనే చెబుతారు. అక్కడ బ్రూఫర్డ్ పక్కన మరో వాద్యకారుడు ఉండేవారు. ఆయన పేరు జేమీ మ్యూర్. గొలుసులు, ఇనప రేకులు, ఈలలు, బొమ్మలు, ఏది దొరికితే అది వాయించేవారు. నోట్లో ఉత్తుత్తి రక్తం పెట్టుకుని వేదిక మీద కక్కేవారు. కలిసి ఉన్నది కొద్ది నెలలే అయినా బ్రూఫర్డ్‌ను సమూలంగా మార్చింది ఆయనేనంటే అతిశయోక్తి కాదు. సంగీతం నీ సేవకు లేదు, నువ్వే దాని సేవకు ఉన్నావన్నది మ్యూర్ నేర్పిన పాఠం. మంచి డ్రమ్మర్‌నని నలుగురూ అనడం మొదలైన వయసులో అది చెంపపెట్టు లాంటి పాఠం. 1973 ఆరంభంలో మ్యూర్ హఠాత్తుగా అన్నీ వదిలేసి స్కాట్లండ్‌లోని బౌద్ధారామానికి వెళ్లిపోయారు.

వెళ్లిన కొద్ది రోజులకే జరిగిన ఓ విందులో ఆయన చేసిన పని మరో విచిత్రానికి దారి తీసింది. 1973 మార్చి 2న బ్రూఫర్డ్ పెళ్లి. పాత బృందం నుంచి జాన్ ఆండర్సన్ వచ్చారు, కొత్త బృందం నుంచి మ్యూర్ వచ్చారు. మాటల్లో మ్యూర్ తనను కదిలించిన ఒక పుస్తకం గురించి చెప్పారు. అది పరమహంస యోగానంద రాసిన 'ఒక యోగి ఆత్మకథ'. ఆండర్సన్ దాన్ని పర్యటనలో వెంట తీసుకెళ్లి చదువుతూ, మన శాస్త్ర గ్రంథాల విభాగాల గురించి ఒక పేజీ అడుగున ఉన్న వివరణ దగ్గర ఆగిపోయారు. ఫలితం, ఆ డిసెంబర్‌లో వచ్చిన యెస్ ఆల్బమ్ 'టేల్స్ ఫ్రం టోపోగ్రాఫిక్ ఓషన్స్'. నాలుగు పక్కలు, నాలుగే పాటలు. రాక్ చరిత్రలో ఇప్పటికీ వాదోపవాదాలు తెగని ఆల్బమ్ అది. దానికి డ్రమ్స్ వాయించింది అలన్ వైట్. బ్రూఫర్డ్ చేసిందల్లా పెళ్లి చేసుకోవడమే.

ఆయన చేయకుండా చేసిన పనుల్లో అంతకంటే గొప్పది ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగింది. 1973 నవంబర్ 23న అక్కడి కాన్సర్ట్‌గెబావ్ హాల్‌లో క్రిమ్సన్ బృందం అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయిస్తోంది. డేవిడ్ క్రాస్ వయొలిన్ ఎత్తుకున్నారు. జాన్ వెట్టన్ బాస్, ఫ్రిప్ మెల్లోట్రాన్ మెల్లగా జతకలిశాయి. బ్రూఫర్డ్ కర్రలు రెండూ గుండెల మీద అడ్డంగా పెట్టుకుని, వింటూ కూర్చుండిపోయారు. ఐదున్నర నిమిషాలూ ఒక్క దెబ్బ వేయలేదు. ఆ రికార్డింగ్ 'ట్రయో' పేరుతో మరుసటి ఏడాది ఆల్బమ్‌లో వచ్చినప్పుడు స్వరకర్తలుగా నలుగురి పేర్లూ వేశారు. ముగ్గురు వాయించిన దానికి నాలుగో వ్యక్తి రచయిత ఎలా అవుతాడంటే, ఆయన వాయించి ఉంటే ఆ సంగీతం ఉండేదే కాదు కనుక. చేతిలో కర్రలు, ఎదురుగా డ్రమ్స్, హాల్ నిండా జనం ఉన్నప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో పెళ్లి బాజా వాయించే వాళ్లనడిగినా చెబుతారు.

ఆ బృందంతో ఆయన వాయించిన 'రెడ్' 1974లో వచ్చింది. అందులో ఒక పాటలో పగిలిన పళ్లెం లాగా బరబరమనే సింబల్ వినిపిస్తుంది. రిహార్సల్ గది దగ్గర చెత్తబుట్టలో దొరికిన సొట్టల సింబల్ అది. పారేసిన దాంట్లో కొత్త చప్పుడు దొరికిందని సంబరపడి రికార్డింగ్‌కు తెచ్చుకున్నారు. కానీ ఆల్బమ్ బయటికి రాకముందే ఫ్రిప్ బృందాన్ని రద్దు చేసేశారు. కుదురైన కొలువును వదిలి వచ్చినవాడి కాళ్ల కింద నేల రెండేళ్లకే కదిలిపోయింది.

ఆ తర్వాత రెండేళ్లు బ్రూఫర్డ్ మొదటి రకం ప్రజ్ఞను ప్రయత్నించారు. గాంగ్, నేషనల్ హెల్త్, రాయ్ హార్పర్... పిలిచిన వాళ్లందరి దగ్గరికీ వెళ్లారు. పీటర్ గేబ్రియల్ వెళ్లిపోయాక 'జెనెసిస్'లో డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్ మైకు ముందుకొచ్చారు. దాంతో 1976 పర్యటనకు వెనక కుర్చీ ఖాళీ అయింది. బ్రూఫర్డ్ కూర్చున్నారు. మంచి డబ్బు, మంచి హోటళ్లు, మంచి మనుషులు. అయినా కుదరలేదు. ఎవరో కట్టిన పాటలకు జీతానికి వాయించడంలో తనకేమీ పణంగా లేదని, అందుకే తన ప్రవర్తనా సరిగ్గా లేదని తర్వాత తానే ఒప్పుకున్నారు. ఆయన వాయించినది ఒక్క పాట 'సెకండ్స్ అవుట్' అనే లైవ్ ఆల్బమ్‌లో మిగిలింది. తర్వాత తన పేరుతోనే ఒక బృందం పెట్టారు. అలన్ హోల్డ్స్‌వర్త్ లాంటి అసాధారణ గిటారిస్టు అందులో ఉన్నారు. నిజానికి ఆ దశలోని 'వన్ ఆఫ్ ఎ కైండ్' ఆయన చేసినవాటిలో తక్కువ మంది విన్న మేలైన పని. అయితే పంక్ ప్రభంజనంలో అలాంటి నాజూకు సంగీతానికి గిరాకీ ఎక్కడుంటుంది?

1981లో ఫ్రిప్ మళ్లీ పిలిచారు. ఇద్దరు అమెరికన్లు, ఏడ్రియన్ బెల్యూ, టోనీ లెవిన్‌లతో కొత్త క్రిమ్సన్. ఈసారి షరతులున్నాయి. హై-హ్యాట్, సింబల్స్ మీద కాలం లెక్కవేసే పాత పద్ధతి వద్దన్నారు. రాక్ డ్రమ్మర్‌కు అది కుడిచెయ్యి కట్టేయడంతో సమానం. బ్రూఫర్డ్ సణుగుతూనే ఒప్పుకున్నారు. 'డిసిప్లిన్' ఆల్బమ్‌లో రెండు గిటార్లు ఒకే పలుకుతో బయల్దేరతాయి. ఒకటి ఒక స్వరం వదిలేస్తుంది. ఎడం క్రమంగా పెరిగి, దారులు వేరైనట్టనిపించి, చివరికి మళ్లీ ఒక చోట కలుస్తాయి. తని ఆవర్తనంలో ఎటో వెళ్లిపోయిన మృదంగం సమానికి వచ్చి చేరినప్పుడు సభ ఎందుకు చప్పట్లు కొడుతుందో తెలిసిన వాళ్లకు ఈ ఆనందం వివరించనక్కర్లేదు. ఆ రెండు గిటార్ల మధ్య నేలను గట్టిగా పట్టుకున్నవి బ్రూఫర్డ్ డ్రమ్స్.

ఆయన ఎలక్ట్రానిక్ దశ మొదలైందీ అప్పుడే. ఆరు పలకల సిమ్మన్స్ ప్యాడ్‌లు అప్పట్లో కొత్త. బల్ల మీద కొట్టినట్టు గట్టిగా ఉండి మణికట్లు నొప్పెట్టించేవి, వేదిక మీద ఉన్నట్టుండి మొరాయించేవి. అయినా ఆయన వాటిని పట్టుకుని వేలాడారు. ఎందుకంటే డ్రమ్మర్ రాగం పలికించడానికి అవి దారి చూపాయి. 1986లో జాంగో బేట్స్, ఇయాన్ బాలమీ వంటి యువ జాజ్ కళాకారులతో 'ఎర్త్‌వర్క్స్' పెట్టినప్పుడు ఒక్కో ప్యాడ్‌లో ఒక్కో స్వరసముదాయం పెట్టి, కర్రలతో కార్డ్స్ వాయించేవారు. ఇప్పుడు వింటే ఆ ధ్వనుల్లో కొన్ని పాత వీడియో గేమ్‌లా అనిపిస్తాయి, దాచి ప్రయోజనం లేదు. కొత్త యంత్రాన్ని ముందుగా పట్టుకున్న ప్రతివాడికీ ఈ శిక్ష తప్పదు. 1985లో ప్యాట్రిక్ మొరాజ్‌తో చేసిన 'ఫ్లాగ్స్'లో చిన్ననాటి ఆరాధ్యుడు మ్యాక్స్ రోచ్ డ్రమ్స్ రచన ఒకటి వాయించారు. ఏ యంత్రమూ లేని ఆ కొద్ది నిమిషాలు ఏ మాత్రం వయసు మీదపడకుండా ఉన్నాయి.

జాజ్ బృందం నడపడమంటే చేతి చమురు వదిలించుకోవడం. రాక్ తారగా స్టేడియంలో వాయించిన మనిషి వందమంది పట్టే క్లబ్బులో వాయిస్తూ, వ్యాన్ అద్దె దగ్గర్నుంచి లెక్కలు చూసుకోవాలి. పైగా ఇరుపక్కలా అనుమానాలే. జాజ్ వాళ్లకు ఆయన సరదాగా వచ్చిన రాక్ మనిషి. రాక్ వాళ్లకు దారి తప్పిన జాజ్ మనిషి. మధ్యలో 1989లో ఆండర్సన్, వేక్‌మన్, హౌ వంటి పాత మిత్రులు పిలిస్తే వెళ్లారు. కరీబియన్ దీవి మోంట్‌సెరాట్‌లో రికార్డింగ్, భారీ పర్యటన. 1991లో ఇది మరీ ముదిరి, యెస్ పాత కొత్త సభ్యులు ఎనిమిది మందినీ ఒకే వేదిక ఎక్కించారు. అక్కడ రెండు డ్రమ్ కిట్లు. ఒకదాని వెనక అలన్ వైట్, మరోదాని వెనక బ్రూఫర్డ్. ప్రధానమైన లయ వైట్‌ది. బ్రూఫర్డ్ ఎలక్ట్రానిక్ ప్యాడ్‌లతో పక్కవాయిద్యం. 19 ఏళ్ల కిందట తాను వదిలిన కుర్చీ పక్కనే మరో కుర్చీ వేసుకుని కూర్చున్న ఆ ఏడాదిని ఆయన ఏనాడూ గొప్పగా చెప్పుకోలేదు. కడుపు నిండటానికి చేసే పనినీ మనసు నిండటానికి చేసే పనినీ కలిపి చూడకూడదన్న స్పష్టత మాత్రం ఉంది.

1994లో మూడోసారి క్రిమ్సన్ పిలుపు. ఇద్దరేసి గిటారిస్టులు, ఇద్దరేసి బాస్ వాద్యకారులు, ఇద్దరు డ్రమ్మర్లు. రెండో డ్రమ్మర్ ప్యాట్ మాస్టెలోటో అమెరికన్. 'థ్రాక్' వచ్చింది, పర్యటనలు జరిగాయి, 1997లో బ్రూఫర్డ్ మళ్లీ బయటికొచ్చేశారు. ఈసారి ఎలక్ట్రానిక్స్‌నూ వదిలేశారు. 50కి దగ్గరపడుతున్న వయసులో డ్రమ్ కిట్ అమరికనే మార్చుకున్నారు. ఎడమపక్కన ఉండాల్సిన హై-హ్యాట్‌ను సరిగ్గా నడిమధ్యకు తెచ్చి, డ్రమ్స్‌ను రెండు వైపులా సమానంగా, బల్లపరుపుగా పేర్చుకున్నారు. ముప్పయ్యేళ్ల అలవాటుతో చేతులు వాటంతటవే వెళ్లే దారులన్నీ దాంతో మూసుకుపోయాయి. వంటింట్లో డబ్బాలన్నీ తారుమారు చేసుకుని వంట చేయడం లాంటిదే ఇది. చేసే ప్రతి పనికీ ఆలోచించక తప్పదు. ఆయనకు కావాల్సిందీ అదే. పూర్తిగా ఎకూస్టిక్ వాద్యాలతో కొత్త ఎర్త్‌వర్క్స్ నడిపారు, తర్వాత టిమ్ గార్లండ్ శాక్సఫోన్‌తో దాన్ని మరింత విస్తరించారు. 2003లో సొంత రికార్డు లేబుళ్లు రెండు పెట్టి, జాజ్ దాన్ని వేసవికీ రాక్ దాన్ని శీతాకాలానికీ చెందేలా 'సమ్మర్‌ఫోల్డ్', 'వింటర్‌ఫోల్డ్' అని పేర్లు పెట్టారు.

ఇక్కడి వరకూ ఇది సాహసగాథ లాగే ఉంది. కానీ 2009 జనవరి 1న ఆయన బహిరంగ ప్రదర్శనల నుంచి తప్పుకున్నారు. కర్రలు పట్టుకోలేని జబ్బేమీ లేదు. శ్రోతలు తగ్గిందీ లేదు. అదే ఏడాది వచ్చిన ఆత్మకథలో సంగతి దాచుకోకుండా రాశారు. పాత దెబ్బ మళ్లీ కొట్టకూడదు, నిన్న వాయించినది ఇవాళ వాయించకూడదన్న పట్టుదలతో నాలుగు దశాబ్దాలు గడిపిన మనిషి లోపల, ప్రతి దెబ్బనూ పడక ముందే తప్పుబట్టే న్యాయమూర్తి ఒకడు తయారయ్యాడు. చెయ్యి లేస్తుంది, ఇది ముందే చేశావుగా అంటుంది ఆ గొంతు. ఒకప్పుడు ఆయనను యెస్ నుంచి లేపి నడిపించిన గొంతు కూడా అదే. ఆమ్‌స్టర్‌డామ్‌లో చేతులు కట్టుకున్నప్పుడు అది సంయమనం. ఇప్పుడది పక్షవాతం. కొత్తదనం కోసమే బతికే కళాకారులకు దీన్ని మించిన ప్రమాదం లేదు, దీని గురించి అభినందన సభల్లో ఎవరూ మాట్లాడరు. 50 ఏళ్లు ఒకే పాటల్ని వాయించిన వైట్‌కు ఈ బాధ ఉండేదా అన్న ప్రశ్న ఇక్కడ రాక మానదు.

మరొకరైతే గోల్ఫ్ ఆడుకునేవారు. బ్రూఫర్డ్ విద్యార్థి అయ్యారు. 1968లో లీడ్స్‌లో వదిలేసిన యూనివర్సిటీ చదువు బాకీ తీర్చుకోవడానికన్నట్టు సర్రే యూనివర్సిటీలో చేరి, 2016లో సంగీతంలో పీహెచ్‌డీ అందుకున్నారు. డ్రమ్మర్లు ఏం చేసినప్పుడు సృజన చేసినట్టు అన్నది పరిశోధనాంశం. పీటర్ అర్‌స్కిన్, సిండీ బ్లాక్‌మన్ లాంటి నిపుణులతో మాట్లాడి, దాన్ని 2018లో 'అన్‌చార్టెడ్' పుస్తకంగా తెచ్చారు. అందులో ఆయనొక గీత గీస్తారు. ఒక కొసన, అడిగింది అడిగినట్టు వాయించే పని. రెండో కొసన, తానే రచయితై సంగీతాన్ని నిర్మించే పని. ప్రతి డ్రమ్మరూ రోజూ ఆ రెంటి మధ్య ఎక్కడో ఒక చోట నిలబడతాడు. సిద్ధాంత పరిభాష పక్కనపెడితే, ఒక కొసన జెనెసిస్ కుర్చీ, మరో కొసన క్రిమ్సన్ కుర్చీ కనిపిస్తాయి. తన జీవితాన్ని తాను పేరు చెప్పకుండా రాసుకున్నారని అనిపిస్తే అది పాఠకుడి తప్పు కాదు. డ్రమ్మర్ల మీద జోకులు వేసుకునే లోకంలో డ్రమ్మర్ ఆలోచనను విద్యా విషయంగా నిలబెట్టడం చిన్న సంగతి కూడా కాదు.

2017 ఏప్రిల్ 7న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో 'రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్'లోకి యెస్‌ను తీసుకున్నారు. స్క్వైర్ అప్పటికి రెండేళ్ల కిందటే కాలం చేశారు. బ్రూఫర్డ్ హాజరయ్యారు. ప్రసంగించలేదు, వాయించనూ లేదు. ఆ రాత్రి వేదిక మీద 'రౌండెబౌట్' మోగింది. 22 ఏళ్ల వయసులో స్టూడియోలో ఆ పాటకు తాను కట్టిన లయను అలన్ వైట్ వాయిస్తుంటే బ్రూఫర్డ్ విన్నారు. ఆ పాటను ఈ ఇద్దరిలో ఎవరు ఎక్కువసార్లు వాయించారో లెక్కపెట్టాల్సిన పని లేదు. నిలబెట్టిన వాడికీ నిలుపుకొన్న వాడికీ మధ్య ఎవరిది పాట అన్నది అంత తేలిగ్గా తెగే తగువు కాదు.

పుష్కరం దాటిన మౌనం తర్వాత, ఏడు పదులు నిండాక, బ్రూఫర్డ్ మళ్లీ కర్రలు పట్టారు. చేతులు మొద్దుబారి ఉన్నాయి. మొదటి నుంచీ సాధన చేసుకోవాల్సి వచ్చింది. పెద్ద ప్రకటనలేవీ లేవు, పాత బృందాల పునఃకలయికా కాదు. ఇంగ్లండ్‌లో చిన్న చిన్న జాజ్ క్లబ్బులు, పబ్ వెనక గదులు. ముగ్గురి బృందం. మైక్ ప్రాట్ బాస్, ముందు నిలబడి గిటార్ వాయించేది పీట్ రాత్. ఒకప్పుడు పర్యటనల్లో బ్రూఫర్డ్ డ్రమ్స్ అమర్చి, బాగోగులు చూసిన సహాయకుడు ఆయన. ఇప్పుడు బృందం పేరు 'పీట్ రాత్ ట్రయో'. బ్రూఫర్డ్ వెనక కూర్చుని, ఆయన ఎటు వెళతారో చూస్తూ వాయిస్తారు.